ఆకుపచ్చ రాళ్ల రోడ్డు

కిలోమీటరు రాళ్లకు రంగు మార్చేశారు. దోర్నాల నుంచి తోకపల్లి వైపు వస్తుంటే ఒక్కో రాయీ పసుపు తలతో ఎదురవుతోంది. మాకు తెలిసిన రాళ్లకు తల ఆకుపచ్చగా ఉండేది. ఆకుపచ్చ అంటే రాష్ట్ర రహదారి, పసుపు అంటే జాతీయ రహదారి. రోడ్డుకు ప్రమోషన్ వచ్చిందన్నమాట. ప్రమోషన్‌తో పాటు బదిలీ కూడా తప్పలేదు. గుంటూరు నుంచి కర్నూలు దాకా ఒక్కటిగా సాగిన దారిని మూడు నంబర్ల కింద పంచారు. గుంటూరు నుంచి నరసరావుపేట, వినుకొండ మీదుగా తోకపల్లి దాకా వచ్చేది అనంతపురం పోయే 544డిలో కలిసింది. తోకపల్లి–దోర్నాల ముక్క, హైదరాబాదు నుంచి శ్రీశైలం మీదుగా దిగివచ్చే 765 కిందికి పోయింది. దోర్నాల నుంచి అడవి దాటి ఆత్మకూరు, నందికొట్కూరు, కర్నూలు చేరేది 340సి.

మాది త్రిపురాంతకం పక్క పల్లె. ఆ చివరకూ ఈ చివరకూ నడిమధ్య ఉన్నవాళ్లం. పొద్దుపొడిచే దిక్కుకు పోతే గుంటూరు రోడ్డు, పొద్దుగుంకే దిక్కుకు పోతే కర్నూలు రోడ్డు. నంబరు ఉండే ఉంటుంది గానీ దాన్ని పలికినవాణ్ణి మా ఊళ్లో నేను చూడలేదు.

కచేరీ దారి

ఈ దారి మాకు ఎందుకంత ముఖ్యమో ఇప్పటి పిల్లలకు చెప్పాలంటే పాత జిల్లా పటం తీయాలి. 1970లో ఒంగోలు జిల్లా పుట్టేదాకా మార్కాపురం తాలూకా కర్నూలు జిల్లాలోది. ఆ కొత్త జిల్లాకే తర్వాత ప్రకాశం పేరు పెట్టారు. అంటే అప్పటివరకూ ఈ రోడ్డు గుంటూరు జిల్లాలో బయల్దేరి కర్నూలు జిల్లాలో ఆగేది, మధ్యలో మూడో జిల్లా లేదు. మా కలెక్టరు నల్లమలకు అవతల ఉండేవాడు. కలెక్టరుకు అర్జీ పెట్టాలన్నా, అప్పీలు చెయ్యాలన్నా అడవి దాటాల్సిందే. రైలు ఉంది కదా అంటారేమో. మీటర్‌గేజి రైలు దొనకొండ, మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు మీదుగా నంద్యాల వైపు అడవి దాటింది. త్రిపురాంతకం, దోర్నాల పల్లెలవాళ్లకు అది చుట్టుదారి. రైలు రాని అడవిలో రోడ్డే గతి.

మా తాతకు ఒక గట్టు తగాదా ఉండేది. ఎంత నేల పోయిందో ఆయనకే సరిగ్గా తెలియదు. కానీ వాయిదా వస్తే మాత్రం ముందురోజే తయారు. సద్దిమూటలో జొన్నరొట్టెలు, గోంగూర పచ్చడి, ఇంకో మూటలో కాగితాలు. కాగితాల మూటను రొట్టెల మూట కంటే భద్రంగా కట్టేవాడు. కర్నూలులో వకీలు గుమస్తా 'ఇంకో వాయిదా పడింది పెద్దాయనా' అంటే ఆయనకు కోపం వచ్చేది కాదు. మళ్లీ ఒకసారి అడవి చూడొచ్చుగా అనేవాడు. ఆ తగాదా ఏమైందో ఇంట్లో ఎవరికీ గుర్తులేదు, ప్రయాణాలే గుర్తున్నాయి.

మధ్యలో మూడేళ్లు ఈ దారికి మహర్దశ పట్టింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడు రాజధాని కర్నూలు అయింది. శ్రీబాగ్ ఒడంబడిక ప్రకారం అన్నీ ఒకేచోట పెట్టకూడదు కాబట్టి హైకోర్టు గుంటూరుకు వెళ్లింది. రాజధాని రోడ్డుకు ఆ చివర, హైకోర్టు ఈ చివర. మధ్యలో మేము, మా చింతచెట్లు, మా వాగులు, పులులుండే అడవి. రైలెక్కిన వకీళ్లు నంద్యాల, ద్రోణాచలం మీదుగా చుట్టి పోయేవాళ్లు. కార్లున్నవాళ్లు దుమ్ము రేపుకుంటూ మా ఊరి ముందు నుంచే పోయేవాళ్లు. నల్లకోటు కొక్కేనికి వేలాడే కారు కనిపిస్తే పిల్లలు వెంటపడేవాళ్లట. ఆ కారులో కూర్చున్నది ప్రభుత్వం తరఫు వకీలా, ప్రభుత్వం మీద దావా వేసిన వకీలా అని అరుగుల మీద పందేలు సాగేవట. 1956 నవంబరు 1 తర్వాత రెండూ హైదరాబాదుకు తరలిపోయాయి. ఆ రోడ్డు మళ్లీ మా తాతకూ ఆయన తగాదాకూ మిగిలింది.

రాత్రి బండ్లు

నాకు ఊహ తెలిసేటప్పటికి బస్సులున్నాయి, లారీలున్నాయి. కానీ రాత్రి రోడ్డు ఇంకా బండ్లదే. ఎండకు ఎద్దులు నడవలేవని పొద్దుగూకాక కట్టేవాళ్లు. ఆముదాలు, కందులు, సజ్జలు వేసుకుని వినుకొండకో నరసరావుపేటకో దిగేవాళ్లు. తిరుగుదారిలో చినగంజాం ఉప్పు, కిరసనాయిలు డబ్బాలు, బెల్లం దిమ్మలు తెచ్చేవాళ్లు. అంతకుముందు తరంలో బండి పోలేని దారుల్లో ఉప్పు మోసింది లంబాడీల పెరిక ఎడ్లు. సముద్రపు ఉప్పు నల్లమల దాటిందంటే వాటి వీపుల మీదే.

బండ్లు ఒకటొకటిగా పోవు. నాలుగైదు ఊళ్ల బండ్లు కలిసి వరస కట్టేవి. ముందు బండికి దారి తెలిసిన ఎద్దులు, వెనక బండికి మేలుకోగల మనిషి. ఈ రెండూ కుదిరితే మధ్యలో ఉన్నవాళ్లంతా నిద్రపోవచ్చు. ఇరుసు కింద లాంతరు ఊగుతుండేది. దాని వెలుగులో చక్రం ఆకుల నీడలు రోడ్డు మీద తిరుగుతుంటే చూస్తూ పడుకోవడం మాకు పండగ. ఇరుసుకు కందెన తక్కువైతే కీచుమని అరుస్తుంది. ఆ కూతను బట్టి ఏ ఊరి బండో, ఎవరి బద్ధకమో చెప్పేసేవాళ్లు. బండి కింద గోనె జోలెలో చొప్ప, వంటపాత్రలు, ఒక్కోసారి కుక్కపిల్ల.

లారీ వచ్చినప్పుడే చిక్కు. హారన్ మీద హారన్ కొట్టినా బండివాడు లేవడు, ఎద్దులే మెల్లగా మార్జిన్‌లోకి దిగేవి. లారీ డ్రైవరు తిట్టిన తిట్టు బండివాడికి వినబడదు, బండ్లో మేలుకున్న మాకు వినబడేది. మా తిట్ల భాండాగారం సగం అలా సమకూరిందే.

ఎద్దులకు నాడాలు కొట్టేవాళ్లు వినుకొండ బయట చెట్లకింద కూర్చునేవాళ్లు. ఎద్దును తాడుతో మడిచి పడుకోబెట్టి, నాలుగు కాళ్లూ కట్టి, గిట్ట చెక్కి నాడా బిగిస్తుంటే మేం కళ్లు మూసుకునేవాళ్లం. ఆ ఎద్దు లేచి రెండడుగులు వేస్తే తారు మీద టకటకమని కొత్త చప్పుడు. రబ్బరు టైరు బండ్లు వచ్చాక ఆ ఇనుప చక్రాల మోత తగ్గింది. ట్రాక్టరు వచ్చాక బండీ పోయింది.

రోడ్డు మనుషులు

అన్నిటికంటే ముందు మాయమైంది గ్యాంగు. ఇప్పటి రోడ్డును యంత్రం వేస్తుంది, యంత్రమే ఊడ్చుకుపోతుంది. గుంత పడితే ఎవరితో చెప్పుకోవాలో తెలియదు. అప్పుడు చెప్పుకోవడానికి మనిషి ఉండేవాడు. కొన్ని మైళ్ల రోడ్డుకు కొందరు కూలీలు, వాళ్ల మీద ఒక మేస్త్రీ. పార, గడ్డపార, తట్ట, కొమ్మలు నరికే కత్తి, ఇవే వాళ్ల సరంజామా. మా ఊరి ముక్కకు మేస్త్రీగా ఉన్నాయన మా వీధివాడే. రోడ్డు మీద పేడకడి కనబడితే బండివాణ్ణి పిలిచి తీయించేవాడు. మార్జిన్‌లో ఎవరైనా కల్లం చేసి జొన్నకంకులు ఆరబోస్తే చూసీచూడనట్టు పోయేవాడు. కానీ తారు మీదికి ఒక్క కంకి జరిగినా ఊరుకునేవాడు కాదు. వాన కురిసిన రాత్రి లాంతరు పట్టుకుని తూములు చూసి వచ్చేవాడు. ఎవరూ పంపేవాళ్లు కాదు. 'నా రోడ్డు' అనేవాడు. జీతమిచ్చేది ఆర్ అండ్ బీ వాళ్లయినా రోడ్డు మాత్రం ఆయనదే.

అంతకుముందు ఈ రోడ్లను జిల్లా బోర్డులు చూసుకునేవి. బోర్డు గేట్లు పెట్టి బండికింత అని వసూలు చేసేది. మద్రాసు ప్రభుత్వం 1931లో మోటారు వాహనాల పన్ను చట్టం తెచ్చి ఆ గేట్లు ఎత్తేసింది. గేటు దగ్గర బండివాళ్లకూ గుమస్తాకూ జరిగిన గొడవలు మా తాత చాలా చెప్పేవాడు. బండి ఖాళీదా నిండుదా, బాలింతను తీసుకెళ్తుంటే వదలాలా వద్దా, ఇలాంటివి. జాతీయ రహదారుల మీద టోల్‌గేట్లు మళ్లీ వచ్చాయి. ఇప్పుడు గొడవకు మనిషి దొరకడు. అద్దం మీద స్టిక్కరు చూసి కర్ర లేస్తుంది.

కంకర కొట్టే పని వడ్డెర కుటుంబాలది. మార్జిన్‌లో తాటాకు పందిరి, దాని కింద ఆడవాళ్లు, పక్కన ఉయ్యాల. పెద్ద రాయిని కాలివేళ్ల మధ్య నిలబెట్టి చిన్న సుత్తితో కొట్టేవాళ్లు. దెబ్బ తప్పి వేలికి తగలడం నేను చూడలేదు, కానీ వేళ్లు చూస్తే ఎన్నిసార్లు తగిలిందో తెలిసేది. కొట్టిన కంకరను అడుగులేని చెక్కపెట్టెలో పోసి కొలిచి, పెట్టె పైకి లాగితే కుప్ప మిగిలేది. కొలిచిన కుప్ప మీద సున్నం నీళ్లు చల్లేవాళ్లు. ఒకే కుప్పకు రెండుసార్లు బిల్లు కాకుండా అది గుర్తు. సున్నం కడిగి మళ్లీ కొలిపించిన కాంట్రాక్టరు కథలు ప్రతి ఊళ్లోనూ ఉండేవి. పేర్లు మాత్రం ఊరూరికీ మారేవి.

ఆ తర్వాత వచ్చేది రోడ్డింజను. అదొస్తే బడికి సెలవు ఇవ్వకపోయినా సెలవే. బొగ్గు, కట్టెలతో నడిచే పొగ రోలరు, పక్కన తిరిగే పెద్ద చక్రం, ముందు ఎర్రజెండాతో నడిచే మనిషి. డ్రైవరు స్టీరింగు ఎన్ని చుట్లు తిప్పినా ముందు ఇనుప దిమ్మె ఒక జానెడు పక్కకు జరిగేది. అది పోయే వేగం కంటే మేం నడిచే వేగం ఎక్కువ. అందుకే ముందుకు పరిగెత్తి, కంకర మీద చింతగింజ పెట్టి, రోలరు దాటాక వెతుక్కునేవాళ్లం. ఎవరికీ దొరికేది కాదు. రోలరుకు వెనకే చక్రాలున్న రేకుల గది ఒకటి ఉండేది. అందులో డ్రైవరు కాపురం. ఆ ఇంటి పిల్లలు నెలకొక ఊళ్లో ఉండేవాళ్లు. వాళ్ల మీద మాకు చెప్పలేనంత అసూయ. వాళ్లకు మా బడి మీద అసూయ ఉండేదని ఊహ కూడా రాలేదు.

ఆ పనిలో అందరికంటే కష్టం తారు కాచేవాళ్లది. పొయ్యి మీద డ్రమ్ములు మసలుతుంటే కాళ్లకు గోనెపట్టాలు చుట్టుకుని, చిల్లుల డబ్బాలతో తారు పోసుకుంటూ వెనక్కి నడిచేవాళ్లు. సాయంత్రం కిరసనాయిలుతో చేతులు కడుక్కునేవాళ్లు. మిగిలిన తారు ముద్దలు మాకు. బొక్కెన చిల్లులు పూడ్చడానికి మా అమ్మలకు, గోళీలు చేసుకోవడానికి మాకు. ఆ వాసన ఇప్పటికీ నాకు ఇష్టమే. కానీ మా వీధి మేస్త్రీ చివరి రోజుల్లో పడుకుని దగ్గుతుంటే దాన్ని ఇష్టమని పైకి అనగలిగేవాణ్ణి కాదు.

చింతకాయ పాట

రోడ్డుకు ఇరువైపులా చింతలు, వేపలు. మొదలుకు సున్నం పట్టీ, జాజు పట్టీ. ప్రతి చెట్టుకూ నంబరు కొట్టిన రేకు. ఏడాదికోసారి చింతకాయకు వేలంపాట. పాడుకున్నవాడు చెట్ల కింద కాపలా పెట్టేవాడు. రోడ్డు మీద రాలింది ఎవరిది, చెట్టు మీద ఉన్నది ఎవరిది అని కాపలావాడికీ మాకూ రోజూ వాదనే. పెద్దాడవాళ్లు మాత్రం తట్ట పట్టుకుని నేరుగా వెళ్లి ఏరుకునేవాళ్లు. వాళ్లను ఆపే ధైర్యం పాటదారుకు కూడా లేదు. వెడల్పు పనుల్లో మొదట పోయినవి ఆ చెట్లే. రంపాల చప్పుడు వారం పది రోజులు వినబడింది. ఆ ఎండాకాలం రోడ్డు ఎంత వెడల్పుగా ఉందో, అవతలి పొలాలు ఎంత దగ్గరో ఒక్కసారిగా తెలిసింది.

ఎర్ర బస్సు

బొగ్గు బస్సుల గురించి విన్నాను గానీ చూడలేదు. యుద్ధకాలంలో పెట్రోలు దొరక్క బస్సు వెనక బొగ్గు పొయ్యి తగిలించి, ఆ వాయువుతో నడిపేవాళ్లు. బయల్దేరే ముందు క్లీనరు చాలాసేపు గాలి తిప్పాలి. ఎత్తు వస్తే జనం దిగి తోయాలి. టిక్కెట్టు కొన్నది తోయడానికా, కూర్చోడానికా అని మా తాత ఒక కండక్టరును అడిగితే, 'తోసేవాళ్లకు టిక్కెట్టు ఇదే పెద్దాయనా, తోయనివాళ్లకు ఎక్కువ' అన్నాడట.

1958లో ఆర్టీసీ ఏర్పడింది. నేను ఎరిగిన బస్సు ఎర్రది. వెనక నిచ్చెన, పైన మూటలు, లోపల తాడు లాగితే మోగే గంట. కండక్టరు ఒడిలో టిక్కెట్ల పెట్టె, చేతిలో పంచి. నడుస్తున్న బస్సులో ఏ స్తంభమూ పట్టుకోకుండా నిలబడి, టిక్కెట్టుకు సరైన చోట చిల్లు పొడిచేవాడు. మా నాయన్ని 'పెద్దాయనా' అనేవాడు, మా అమ్మను 'అమ్మా, బుట్టలో కోళ్లున్నాయా' అని అడిగేవాడు. ఆమె 'ఉంటే పలకవా నాయనా' అనేది. సరిగ్గా అప్పుడే కోడి పలికేది.

పైన ఎక్కే సరుకును బట్టి ఏ ఊరు దాటామో చెప్పొచ్చు. మార్కాపురం దారి కలిసేచోట పలకల పెట్టెలెక్కేవి. దేశంలో ఎక్కడెక్కడి పిల్లలో అక్షరాలు దిద్దిన పలకల రాయి మార్కాపురం కొండలది. గడ్డి కూరి, చెక్కపెట్టెల్లో సర్ది, 'మెల్లగా దించండి, పలకలు' అని అరిచినా కూలీలు దించాల్సినట్టే దించేవాళ్లు. రోడ్డుకు గుంతలుంటే పలకకు చావు. అందుకని రోడ్డు బాగు చెయ్యమని అందరికంటే గట్టిగా అడిగింది పలకల ఫ్యాక్టరీలవాళ్లే అని మా మేస్త్రీ చెప్పేవాడు. రోడ్డు బాగైంది, ఈలోగా పలక పోయి నోటుబుక్కు వచ్చింది. ఇక మిరప కోతల కాలం వస్తే కర్నూలు వైపు నుంచి గుంటూరు మిర్చి యార్డుకు పోయే బస్తాల లారీలు. అవి ముందు పోతుంటే వెనక బస్సులో అందరికీ తుమ్ములు. లారీలు ఇప్పటికీ పోతున్నాయి, ఏసీ కార్ల అద్దాలు దించరు కాబట్టి తుమ్ములు లేవు.

రాత్రికి బస్సు మా పక్క ఊళ్లో ఆగేది. అదే నైట్ హాల్ట్. డ్రైవరూ కండక్టరూ టాపు మీద పరుపులు పరుచుకునేవాళ్లు. వంతుల వారీగా ఎవరో ఒకరింటి నుంచి అన్నం. తెల్లవారుజామున ఇంజను స్టార్టు చేసి ఉరిమిస్తే నాలుగు పల్లెలు లేచేవి. ఆడవాళ్లు పేడకళ్లకు, మగవాళ్లు పొలానికి, ఊరెళ్లేవాళ్లు పరుగుకు. పేపరు కట్ట, టపా సంచీ, పట్నం నుంచి మందులు, కూతురింటికి పచ్చళ్లు, అన్నీ కండక్టరు చేతిమీదుగానే. చిరునామా అక్కర్లేదు. 'దోర్నాలలో దిగే పంతులుగారికి ఇవ్వు' అంటే చాలు.

వానాకాలం వాగులు పొంగితే ఆట ఆగేది. గుండ్లకమ్మ పుట్టేది నల్లమలలోనే. దాంట్లో కలిసే వాగులన్నిటికీ ఒకేసారి ఉత్సాహం వచ్చేది. వంతెనలు తక్కువ, చప్టాలే ఎక్కువ. చప్టా అంచుల్లో సున్నం కొట్టిన రాళ్లు నిలబెట్టేవాళ్లు. రాళ్లు కనిపిస్తే బస్సు దిగొచ్చు, మునిగితే ఆగాలి. ఇవతల ఒక బస్సు, అవతల ఒక బస్సు, మధ్యలో ఎర్రనీళ్లు. అటువాళ్లు ఇటు, ఇటువాళ్లు అటు కేకలేసుకుని ఎవరెవరో తెలుసుకునేవాళ్లు. పెళ్లివాళ్లుంటే వాళ్లకు ముందు వంట. నీళ్లు నడుము లోతుకు దిగితే మనుషులు చేతులు పట్టుకుని దాటి బస్సులు మార్చుకునేవాళ్లు. అలా ఒక చప్టా దగ్గర కుదిరిన సంబంధం మా బంధువుల్లో ఒకటుంది. ఇప్పుడక్కడ ఎత్తుగా వంతెన. దాని కింద వాగు పారుతోందో లేదో చూడాలంటే కారు ఆపి దిగాలి.

అడవి

దోర్నాల రాగానే బస్సు ఊపిరి తీసుకునేది. రేడియేటరులో నీళ్లు, డ్రైవరుకు అన్నం, ముందు చక్రానికి కొబ్బరికాయ. ఇక్కడ దారి చీలుతుంది. ఒకటి శ్రీశైలం ఎక్కుతుంది, ఒకటి రోళ్లపెంట, బైర్లూటి మీదుగా ఆత్మకూరుకు. రోళ్లపెంట దగ్గర అడవిశాఖ గేటు. వెదురు లారీలు అక్కడ వరసగా ఆగి పర్మిట్లు చూపించుకునేవి. వెదురు కొనలు లారీ వెనక నేలను రాసుకుంటూ, మట్టిమీద గీతలు పెట్టుకుంటూ పోయేవి. చెంచులు తేనె, సారపప్పు, జిగురు తెచ్చి గేటు దగ్గర కూర్చునేవాళ్లు. బేరం ఆడేది మనమే, వాళ్లు ఒకే ధర చెప్పి ఊరుకునేవాళ్లు. కొనకపోతే అడవిలోకి వెళ్లిపోయేవాళ్లు, వెనక్కి పిలిచినా వచ్చేవాళ్లు కాదు. రోడ్డు వాళ్ల అడవి మధ్యలోంచి పోయింది. దానివల్ల వాళ్లకు ఒరిగిందేమిటో నేను చెప్పగలిగినవాణ్ణి కాదు. 1983లో అడవి పులుల రిజర్వు అయ్యాక వెదురు లారీలు సన్నగిల్లాయి. తర్వాత తుపాకుల కాలం వచ్చింది. బస్సు ఆపి అందరినీ దించి సంచులు విప్పించిన తనిఖీలు ఆ దారిన తిరిగినవాళ్లందరికీ తెలుసు. 2004 అక్టోబరులో ప్రభుత్వంతో చర్చలకు మావోయిస్టు నాయకులు అడవి బయటికి వచ్చింది దోర్నాల పక్కన చిన్నారుట్ల దగ్గరే. ఇప్పుడు శ్రీశైలం వైపు రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా గేటు వేస్తారు. అది పులుల కోసం.

రోడ్డు కంటే ముందు ఆత్మకూరు నుంచి శ్రీశైలానికి కాలిదారి ఉంది. నాగలూటి, పెద్దచెరువు, భీమునికొలను, కైలాసద్వారం. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామి శ్రీశైలానికి ఈ వైపు నుంచే వెళ్లాడు. యాత్రికుల దగ్గర కందనూరు (ఇప్పటి కర్నూలు) నవాబు వసూలు చేసే పన్ను గురించి ఆయన విసుక్కుంటూ రాశాడు. గేట్లూ వసూళ్లూ ఈ దారికి కొత్తకాదు. మా త్రిపురాంతకం శ్రీశైలానికి తూర్పు ద్వారం. శివరాత్రికి ముందు కాలినడక జనం మా ఊరి చలివేంద్రం దగ్గర ఆగేవాళ్లు. కుండ కింద ఇసుక, ఇసుకలో వేసిన మెంతులు మొలకెత్తి ఉండేవి. నీళ్లు పోసే ముసలమ్మకు మజ్జిగ పొయ్యాలా నీళ్లు పొయ్యాలా అన్నది మనిషి మొహం చూస్తే తెలిసేది.

లెక్క

పాత రోడ్డే బాగుండేది అని అనలేను. మా చిన్నమ్మకు నొప్పులు మొదలైన రాత్రి వాగు పొంగి ఉంది. బండి కట్టి, తెల్లారేదాకా చప్టా ఇవతల కూర్చున్నారు. తల్లీబిడ్డల్లో ఒక్కరే తిరిగొచ్చారు. 2005లో 108 వచ్చింది, ఆ తర్వాత వంతెనలు వచ్చాయి. ఇవాళ అదే చోటు నుంచి నరసరావుపేట ఆస్పత్రికి ఎంతసేపు పడుతుందో నాకు తెలుసు. తెలిసినవాడెవడూ ఆ చప్టా మళ్లీ కావాలని కోరడు. మా మనవరాళ్లు మార్కాపురంలో కాలేజీకి పొద్దున పోయి సాయంత్రం వస్తున్నారు. మా అక్కను హాస్టల్లో పెట్టలేక అయిదో తరగతితో మాన్పించారు. రాళ్లు కొట్టి వేళ్లు చితకగొట్టుకునే బతుకు పోయినందుకు వడ్డెరవాళ్లెవరూ ఏడవలేదు. ఏడ్చేది రోలరు వెనక పరిగెత్తిన మాబోటివాళ్లమే.

నా ఫిర్యాదు ఒక్కటే. పాత రోడ్డు మీద పెట్టే ఖర్చులో కొంత ఊళ్లకు దిగేది. మేస్త్రీ జీతం, కంకర కూలీ, చింతకాయ పాట, ప్రయాణికుల బంగళా (టీబీ) వాచ్‌మన్ ఉద్యోగం, బస్సు ఆగితే కాఫీ హోటలు. జూపాడుబంగ్లా ఊరికి ఆ పేరే బంగళా నుంచి మిగిలింది. కొత్త రోడ్డు డబ్బు ఎక్కడి నుంచో వచ్చి ఎక్కడికో పోతుంది. బైపాసు పడ్డ ఊళ్లో హోటలువాడు పొయ్యి ఆర్పేశాడు. బైపాసు మీద కొత్త దాబా ఎవరిదో ఎవరికీ తెలియదు. ఇంజనీర్లు చేసే అంచనాల్లో ఈ పద్దుకు గడి ఉండదు.

ఉగాదికి ముందు మాత్రం ఈ దారి పడమటి సగం మళ్లీ పాతదవుతుంది. కర్ణాటక నుంచి కన్నడ భక్తులు కర్నూలు, నందికొట్కూరు, ఆత్మకూరు మీదుగా శ్రీశైలానికి నడిచి వస్తారు. శ్రీశైలం అమ్మవారు భ్రమరాంబ వాళ్లింటి ఆడపడుచు. ఆమెకు చీర, పసుపుకుంకుమలు తెస్తారు. కొందరు కర్రకాళ్ల మీద నడుస్తారు. ఆత్మకూరు చేరాక వెంకటాపురం మీదుగా నాగలూటి అడవి దారి పట్టేదాకా వాళ్లకు తారురోడ్డే గతి. దారిలో ఊళ్లవాళ్లు పందిళ్లు వేసి అన్నం పెడతారు, మజ్జిగ పోస్తారు. ఈ ఏడు నందికొట్కూరు దాటాక ఒక ముసలాయన తెల్లగీతకు ఇవతల కంకర మీద కూర్చుని చెప్పులు విప్పి కాళ్లు చూసుకుంటున్నాడు. 'చెట్లేవయ్యా ఇక్కడ?' అన్నాడు కన్నడం కలిసిన తెలుగులో. వెడల్పు చేశారని చెప్పాను. 'మాకా?' అన్నాడు. మధ్య డివైడరులో నాటిన గన్నేరు మొక్కలకు ట్యాంకరు నీళ్లు పడుతోంది. ఆయనకు నీడ కావాలంటే ఆ ట్యాంకరు వెనకే నడవాలి, అది కర్నూలు వైపు పోతోంది.